110 కార్ట్రిడ్జ్ కెమెరా ఏడాది వాడాక: కొనబోయేవాళ్ళకి నా మాట

మా అక్క కూతురి ఓణీల ఫంక్షన్‌కి నా 110 కెమెరాలో (ఫిల్మ్ ప్లాస్టిక్ డబ్బీలో వచ్చే చిన్న పాత కెమెరా) 24 ఫోటోల రీలు వేస్తే చూడదగ్గవి తొమ్మిదే వచ్చాయి. మిగతావాటిలో కొన్ని ఒకదాని మీద ఒకటి ఎక్కిపోయాయి, నాలుగు చోట్ల ఫిల్మ్ మీద ఏమీ పడలేదు, ఐదింట్లో సరిగ్గా మధ్యలో ఎర్రటి మచ్చ. పిల్ల పీటల మీద కూర్చుని మా అమ్మ చేత అక్షింతలు వేయించుకుంటున్న ఫోటో ఒకటి ఉంది. ఆ రోజు మొత్తంలో ఇదొక్కటీ బాగా వస్తే చాలనుకున్నాను. సరిగ్గా దాని మీదే భోజనాల బంతి ఎక్కింది. మా అమ్మ చేతి మీదుగా సాంబారు బకెట్ పట్టుకున్న కుర్రాడు నడిచి వెళ్తున్నాడు. ఫోన్లలో తీసినవి వందలున్నాయి, స్టూడియో వాళ్ళ ఆల్బమ్ ఉంది, అయినా ఆ ఒక్క ఫోటో పోయినందుకు నాకు ఇప్పటికీ బాధగానే ఉంది.

ఇది రాయడానికి కారణం అదే. విజయవాడలో ఈమధ్య కాలేజీ పిల్లలు చాలామంది ఫిల్మ్ కెమెరాలు కొంటున్నారు, చూస్తుంటే సంతోషంగా ఉంది. అందులో కొందరు 110 కెమెరా చూసి, జేబులో పట్టేస్తోంది, ముద్దుగా ఉంది, రీలు ఎక్కించడం కూడా తేలిక అని అదే మొదటి కెమెరాగా తీసుకుంటున్నారు. నన్ను అడిగినవాళ్ళే ముగ్గురున్నారు. ముగ్గురికీ విడివిడిగా చెప్పే బదులు ఏడాదిలో నేను చూసిందంతా ఒకచోట పెడుతున్నా.

కెమెరా నేను గవర్నర్‌పేటలో పాత కెమెరాలు బాగుచేసే ఒక పెద్దాయన దగ్గర 1,500కి కొన్నాను. కంపెనీ పేరు రాయను. నలభై ఏళ్ళు దాటిన వస్తువు, ఎన్ని చేతులు మారిందో తెలియదు, నా దగ్గరున్న ఒక్క పీసు చూసి కంపెనీని అనడం న్యాయం కాదు. పైగా నేను చెప్పబోయే లోపం ఏ ఒక్క కంపెనీదీ కాదు, ఈ పద్ధతిదే. ఆ పెద్దాయన అమ్మేటప్పుడే చెప్పాడు, "బాబూ, దీంతో సరదాగా తీసుకో. ఇంట్లో శుభకార్యానికైతే మాత్రం ఆ యాషికా 35 ఎంఎం కెమెరా పట్టుకెళ్ళు" అని. "ఏం బాబాయ్, ఇది పనిచెయ్యదా?" అంటే "కెమెరా పనిచేస్తుంది, డబ్బీ పనిచెయ్యాలిగా" అన్నాడు. అప్పుడు నాకా మాట అర్థం కాలేదు.

తెలియనివాళ్ళకి కొంచెం చెప్పాలి. మామూలు 35 ఎంఎం కెమెరాలో రీలు తోక పట్టుకుని లాగి, అవతలి చక్రంలో దూర్చి, పళ్ళకి చిల్లులు తగిలాయో లేదో చూసి మూత వెయ్యాలి. చేతకాక చాలామంది రీళ్ళు పాడుచేసుకునేవాళ్ళు. ఆ బాధ తీర్చడానికి కొడాక్ 1963లో 126 అనే కార్ట్రిడ్జ్ తెచ్చింది, ఇన్‌స్టమాటిక్ కెమెరాలతో పాటు. ఫిల్మ్ అంతా ప్లాస్టిక్ డబ్బీలోనే ఉంటుంది, డబ్బీని కెమెరాలో పడేసి మూత వేస్తే అయిపోయింది. తిరగేసి పెట్టడానికే వీలుండదు. ఇన్‌స్టమాటిక్‌లు కోట్లలో అమ్ముడుపోయాయి. 1972లో అదే ఆలోచనని ఇంకా చిన్నది చేసి 110 తెచ్చారు. ఫిల్మ్ వెడల్పు 16 ఎంఎం, ఒక్కో ఫోటో 13 బై 17 ఎంఎం, అంటే మన చిటికెన వేలి గోరు కంటే కొంచెం పెద్దది. తర్వాత 1982లో డిస్క్, 1996లో ఏపీఎస్ అని ఇంకో రెండు రకాల డబ్బీ ఫిల్ములు వచ్చాయి. అన్నింటిదీ ఒకటే మాట: మీరు ఫిల్మ్ ముట్టుకోనక్కర్లేదు.

ఆ మాట నిజమే. నేను వేసిన ఆరు రీళ్ళలో ఒక్కసారి కూడా ఎక్కించడంలో తప్పు జరగలేదు. మా అమ్మాయికి తొమ్మిదేళ్ళు, తనే ఎక్కిస్తుంది. కానీ ఫిల్మ్‌ని మనం ముట్టుకోకుండా ఉండడం కోసం, కెమెరా చెయ్యాల్సిన మూడు ముఖ్యమైన పనులు తీసుకెళ్ళి ఆ ప్లాస్టిక్ డబ్బీకి అప్పగించారు. ఫిల్మ్‌ని సాపుగా పట్టుకోవడం, బిగుసుకోకుండా ముందుకి కదలనివ్వడం, లైటు తగలకుండా కాపాడడం. 35 ఎంఎం కెమెరాలో ఈ పనులు చేసేది ఎక్కువగా లోహం, ఒకసారి సరిగ్గా చేశారంటే ఏళ్ళ తరబడి ఉంటుంది. కార్ట్రిడ్జ్‌లో మాత్రం ఒకసారి వాడి పారేసే డబ్బీయే ఆ పనులన్నీ చెయ్యాలి. అంటే రీలు మార్చిన ప్రతిసారీ మన కెమెరాలో సగం కొత్తగా మారుతున్నట్టే. ఈ రీలు బాగా వచ్చింది కదా, వచ్చే రీలు కూడా వస్తుందిలే అని అనుకోవడానికి లేదు.

ఓణీల ఫంక్షన్ రీలు పాడయ్యాక ల్యాబ్ వాళ్ళని అడిగి ఆ విరిగిన డబ్బీ ముక్కలు కూడా తెప్పించుకున్నాను. 110 ఫిల్మ్ కడిగేటప్పుడు డబ్బీని చీకట్లో విరగ్గొడతారు, మామూలుగా మళ్ళీ వాడుకోవడానికి ఉండదు. ఆదివారం పొద్దున పేపర్ పరిచి ఆ ముక్కలు పెట్టుకుని భూతద్దం పట్టుకుని కూర్చున్నా. రెండు వైపులా రెండు గుండ్రటి గదులు, మధ్యలో సన్నటి వంతెన లాంటి భాగం. కుడిగదిలో చిన్న చక్రం ఉంది, దాని పైన పళ్ళున్నాయి, కెమెరా పట్టుకుని తిప్పేది ఆ పళ్ళనే. ఎడమగదిలో మాత్రం చక్రమే లేదు! కొత్త ఫిల్మ్, దాని వెనక నల్లకాగితం, రెండూ కలిపి చుట్టి ఆ గదిలో ఊరికే పెట్టేస్తారు. కడ్డీ లేదు, ఆధారం లేదు. మనం ఫిల్మ్ జరిపే లివర్ నొక్కిన ప్రతిసారీ ఆ చుట్ట గది గోడలకి రాసుకుంటూ బయటికి రావాలి. చుట్ట కొంచెం వదులై ఉబ్బినా, మన కృష్ణ ఒడ్డు తేమకి ఆ కాగితం కొంచెం బరువెక్కినా లాగడం కష్టమవుతుంది. నా డబ్బీలో కుడిచక్రం పళ్ళు రెండు చోట్ల అరిగి నున్నగా అయి ఉన్నాయి. లివర్ తిరిగింది, షట్టర్ బిగిసింది, ఫిల్మ్ మాత్రం కదల్లేదు. అమ్మ చేతి మీదికి సాంబారు కుర్రాడు వచ్చింది అందుకే.

ఖాళీ ఫ్రేముల సంగతి వేరే. 110 ఫిల్మ్‌కి ఒక్కో ఫోటోకి ఒక్కటే చిల్లు ఉంటుంది. 35 ఎంఎంకి ఒక్కో ఫోటోకి పైన ఎనిమిది, కింద ఎనిమిది, ఒకటి చిరిగినా ఇంకోటి లాగుతుంది. ఇక్కడ ఆ ఒక్కటే. కెమెరా లోపల, ఫోటో పడే కిటికీ పక్కన, బియ్యపుగింజ మొన అంత కొక్కెం ఒకటి ఫిల్మ్‌ని తడుముతూ ఉంటుంది. చిల్లు ఎదురుగా రాగానే అందులో పడుతుంది, లివర్ ఆగిపోతుంది, అదే ఒక ఫోటో జాగా. ఆ కొక్కెం వెనక స్ప్రింగ్ సన్నటి వెంట్రుక లాంటిది. నలభై ఏళ్ళ దుమ్మూ, ఎండిపోయిన గ్రీజూ పట్టి ఉంటే కొక్కెం సమయానికి పడదు, చిల్లు దాటిపోతుంది, లివర్ ఆగకుండా తిరుగుతూనే ఉంటుంది, తర్వాతి చిల్లు దగ్గర ఆగుతుంది. మధ్యలో ఒక ఫోటో జాగా పోయింది. మనకి తెలియదు కూడా, మహా అయితే ఈసారి లివర్ ఎక్కువసార్లు నొక్కినట్టున్నానే అనిపిస్తుంది. ఇప్పుడు నేను ప్రతి ఫోటోకీ లివర్ ఎన్నిసార్లు నొక్కానో లెక్కపెట్టుకుంటున్నా. వెనక కిటికీలో నంబర్ చూసి, ముందుదానికి ఒకటే పెరిగిందో లేదో చూస్తున్నా. తేలిక కోసం కొన్న కెమెరాతో ఇంత టెన్షన్ ఏంటని మా ఆవిడ అడిగింది, న్యాయమైన ప్రశ్నే.

ఈ కొక్కెం బాధ నాతో మొదలవ్వలేదని మా మావయ్య నెగటివ్‌లు చూశాక తెలిసింది. ఆయన సౌదీలో పనిచేసేటప్పుడు ఒక 110 కొనుక్కున్నాడు. 1992 కృష్ణా పుష్కరాలకి సెలవు పెట్టుకుని వచ్చి ఇంటిల్లిపాదినీ ఫోటోలు తీశాడు, తిరిగి వెళ్ళాక అక్కడే కడిగించి, మళ్ళీ సెలవుకి వచ్చినప్పుడు తెచ్చిచ్చాడు. కెమెరా ఎటుపోయిందో గానీ నెగటివ్‌లు మా అత్తయ్య బీరువాలో పట్టుచీరల కింద కవర్లో భద్రంగా ఉన్నాయి. ఒక స్ట్రిప్ తీసి ట్యూబ్‌లైట్‌కి పట్టి చూశా. మా అమ్మమ్మ నీళ్ళలో మోకాళ్ళ దాకా నిలబడి దోసిలి పట్టింది, వెనక బ్యారేజీ గేట్లు సన్నగా వరసగా కనిపిస్తున్నాయి. సరిగ్గా అమ్మమ్మ నడుం మీదుగా నిలువునా ఒక చార. ఆ రోజుల్లో 110 ఫిల్మ్ మీద ఫ్రేముల అంచులు, నంబర్లు ఫ్యాక్టరీలోనే ముందుగా ముద్ర వేసి పంపేవాళ్ళు. కొక్కెం సరిగ్గా చిల్లులో పడితేనే ఫోటో ఆ అంచుల మధ్య కూర్చుంటుంది. కొంచెం అటూ ఇటూ అయితే ఆ గీత ఫోటో మధ్యలోకి వచ్చేస్తుంది. "ఒరేయ్, అప్పుడు నేనే ఏదో తప్పు నొక్కాననుకున్నా, మీ అత్తయ్య కూడా ఎన్నేళ్ళు సాధించిందో" అన్నాడు మావయ్య. "నీ తప్పు కాదు మావయ్యా, ఒక్క చిల్లు మీద ఆధారపడ్డ కెమెరా అది" అని కొక్కెం చూపించాను. ముప్పై ఏళ్ళు దాటాక ఆ సంగతి తెలిసినందుకు ఆయన ముఖంలో తేడా కనిపించింది. అత్తయ్యని పిలిచి మరీ చూపించాడు.

ఇక ఫోకస్ సంగతి. ఇది మొదట్లో నాకు కళ్ళ లోపమేమో అనిపించింది. ఫోటోలో ఒక పక్క స్పష్టంగా, ఇంకో పక్క మసకగా ఉంటోంది. 35 ఎంఎం కెమెరా వెనక మూత తీస్తే నున్నటి పలక ఒకటి స్ప్రింగ్ మీద ఉంటుంది చూడండి, అది ఫిల్మ్‌ని వెనక నుంచి అదిమి పట్టి సాపుగా ఉంచుతుంది. 126లో, 110లో ఆ పలక లేదు. ఫిల్మ్, కాగితం కలిపి ప్లాస్టిక్ సందులోంచి వెళ్తాయి, ఆ సందు వాటి మందం కంటే కొంచెం ఎక్కువే ఉండాలి, లేకపోతే ఇరుక్కుపోతాయి. ఎక్కువ ఉంటే ఫిల్మ్ అందులో వంగుతుంది. వదులు ఉంచినా తంటాయే, బిగుతు చేసినా తంటాయే. మామూలు పోస్ట్‌కార్డ్ సైజు ప్రింట్ వెయ్యాలంటే 35 ఎంఎంని నాలుగింతల పైచిలుకు పెంచితే చాలు, 110ని తొమ్మిదింతలు పెంచాలి. వెంట్రుకవాసి వంపు కూడా తొమ్మిదింతలై కనిపిస్తుంది.

ఇంకో సంగతి, మంచి లెన్స్ ఉన్న కెమెరాలోనే ఈ లోపం ఎక్కువ బయటపడుతుంది. చవక కెమెరాల్లో లెన్స్ రంధ్రం చిన్నది, ఫోకస్‌లో కొంత తేడా ఉన్నా కప్పేస్తుంది. కానీ పెంటాక్స్ 1978లో ఆటో 110 అని అరచేతిలో పట్టే ఎస్సెల్లార్ (లెన్స్‌లోంచే చూసి ఫోటో తీసే కెమెరా) తెచ్చింది, లెన్సులు మార్చుకోవచ్చు, అన్నీ ఎఫ్ 2.8, అంటే రంధ్రం పెద్దది. మినోల్టా అంతకు రెండేళ్ళ ముందే జూమ్ లెన్స్‌తో 110 ఎస్సెల్లార్ చేసింది. రోలై లాంటి కంపెనీ 126కి కూడా లెన్సులు మార్చుకునే కెమెరా చేసింది. వీటిని తయారుచేసినవాళ్ళ పనితనానికి నేను చేతులెత్తి దణ్ణం పెడతాను. కానీ ఎంత గొప్ప లెన్స్ పెట్టినా, వెనకాల ఫిల్మ్‌ని పట్టుకునేది మాత్రం ఆ ప్లాస్టిక్ సందే. పెంటాక్స్ ఆటో 110 కొనాలని మీకు మనసుంటే కొనండి, చూడముచ్చటైన వస్తువు. దాని నుంచి 35 ఎంఎం లాంటి ఫోటోలు వస్తాయని మాత్రం ఆశ పెట్టుకోవద్దు.

ఎర్రమచ్చ నా కెమెరా తప్పు, అది ఒప్పుకోవాలి. వెనక మూతలో నంబర్ చూసుకునే చిన్న కిటికీ ఉంటుంది, దాని చుట్టూ స్పాంజి. ఆ స్పాంజి డబ్బీని ముందుకి తోస్తుంది, పక్కల నుంచి లైటు రాకుండా కూడా ఆపుతుంది. పాత కెమెరాల్లో ఇది మన తేమకీ ఎండకీ జిగురు ముద్దైపోతుంది, వేలు పెడితే తారులా అంటుకుంటుంది. నాది కూడా అంతే. కెమెరాని భోజనాల హాలు బయట ఎండలో బల్ల మీద వెనక్కి తిప్పి పెట్టాను, కిటికీలోంచి లైటు దూరి కాగితం దాటి ఫిల్మ్ మీద పడింది. వెనక నుంచి వచ్చిన లైటు కాబట్టి ఎర్రగా వచ్చింది. ఇప్పుడు జిగురంతా స్పిరిట్‌తో తుడిచి, కొత్త స్పాంజి కత్తిరించి అతికించా, కిటికీ మీద నల్ల ఇన్సులేషన్ టేప్ వేశా, నంబర్ చూడాలంటే నీడలోకి వెళ్ళి టేప్ ఎత్తి చూసి మళ్ళీ వేస్తున్నా. ఆ తర్వాత రెండు రీళ్ళలో ఒక్క మచ్చ కూడా లేదు. ఈ ఒక్క లోపానికి మాత్రం మన చేతిలో మందుంది.

ఎండ గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే మనం ఉన్నది బెజవాడ. రోళ్ళు పగిలే ఎండల్లో స్కూటర్ డిక్కీలో రీలు పెట్టి మర్చిపోతే ఏ ఫిల్మైనా పాడవుతుంది, 35 ఎంఎం అయినా సరే. కాకపోతే ఇక్కడ ప్లాస్టిక్ డబ్బీ కూడా ఆ వేడి తింటుంది. నేను ఫ్రిజ్‌లో పెట్టుకుంటున్నా, వాడే ముందు కవర్ విప్పకుండా గంటా రెండు గంటలు బయట ఉంచుతున్నా, లేకపోతే చల్లటి డబ్బీ మీద చెమట పట్టి లోపలి కాగితం తడుస్తుంది. పాత స్టాక్ రీళ్ళు, 90లలోవి, సీల్ తియ్యనివి అని చెప్పి అమ్ముతుంటారు, వాటి జోలికి పోవద్దు. కొత్తవి దొరుకుతున్నాయి. పెద్ద కంపెనీలు చేతులెత్తేశాక 2012లో లోమోగ్రఫీ అనే కంపెనీ మళ్ళీ 110 చెయ్యడం మొదలుపెట్టింది, వాళ్ళ పుణ్యానే ఈ కెమెరాలు ఇవాళ బతికున్నాయి.

126 కెమెరాలు కూడా అక్కడక్కడా కనిపిస్తాయి, రేటు ఇంకా తక్కువ. వద్దు. కొడాక్ 1999తో ఆ ఫిల్మ్ ఆపేసింది, ఇప్పుడు కొత్తది లేదు. 126 ఫిల్మ్ వెడల్పు కూడా 35 ఎంఎమ్మే కాబట్టి మామూలు ఫిల్మ్‌నే పాత డబ్బీలో గానీ 3డీ ప్రింట్ చేసిన అడాప్టర్‌లో గానీ పెట్టి వాడేవాళ్ళున్నారు. కానీ 126 కెమెరా కూడా ఫోటోకి ఒక్క చిల్లు వెతికే రకమే. దానికి వరసగా ఇన్ని చిల్లులున్న ఫిల్మ్ ఇస్తే ప్రతి చిల్లు దగ్గరా ఆగుతుంది. లెన్స్ మూసి, షట్టర్ కొట్టి, లివర్ తిప్పి, మళ్ళీ కొట్టి, అలా ఒక్కో ఫోటోకీ లెక్కపెట్టుకుంటూ జరపాలి. ఓపికుంటే చేసుకోండి.

డిస్క్ అసలు అడగొద్దు. ఫిల్మ్ మందంగా ఉండి పళ్ళెంలా తిరిగేది కాబట్టి వంపు బాధ తప్పింది గానీ, ఫోటో ఎనిమిది బై పది ఎంఎం చిల్లర మాత్రమే, గింజలు గింజలుగా వచ్చేది. పదిహేను ఫోటోలతో సరి.

ఏపీఎస్ విషయంలో మా ఫ్రెండ్‌కి తగిలిన దెబ్బ చెప్తాను, ఎందుకంటే అది చూడ్డానికి చాలా నమ్మకంగా కనిపిస్తుంది. లోహపు బాడీ, మోటార్, అన్నీ ఆటోమేటిక్. డబ్బీ అడుగున నాలుగు గుర్తులు, కొత్తదా, సగం వాడిందా, అయిపోయిందా, కడిగిందా అన్నీ అవే చూపిస్తాయి. నిజానికి తెలివైన ఆలోచన. కానీ అందులో ఫిల్మ్ తోక బయట ఉండదు, డబ్బీకి చిన్న తలుపు, కెమెరా మోటారే ఆ తలుపు తీసి, చక్రం తిప్పి, ఫిల్మ్‌ని బయటికి నెట్టాలి, అయిపోయాక మొత్తం వెనక్కి లాగి తలుపు వెయ్యాలి. అన్నీ చిన్న ప్లాస్టిక్ గేర్ల మీదే. వాడు మంగళగిరి తిరునాళ్ళకి తీసుకెళ్తే పదకొండో ఫోటో దగ్గర గేరు పోయింది. ఫిల్మ్ బయట ఉంది, తలుపు తెరిచి ఉంది, కెమెరా మూత రాదు. 35 ఎంఎంలో మోటార్ పోతే చీకటి గదిలో వెనక మూత తీసి చేత్తో చుట్టుకోవచ్చు. దీంట్లో ఆ వీల్లేదు, పగలగొట్టి తీయడమే. అయినా ఏపీఎస్ ఫిల్మ్ తయారీ 2011లోనే ఆగిపోయింది, ఇప్పుడు దొరికేదంతా గడువు దాటినదే. ఎంత తక్కువకి ఇచ్చినా కొనొద్దు.

ఇక్కడ 110 గురించి ఒక మంచి మాట చెప్పకపోతే అన్యాయం అవుతుంది. 110లో వెనక్కి చుట్టడం అనేదే లేదు, తీసిన ఫోటోలన్నీ ఎప్పటికప్పుడు కుడిగదిలోకి వెళ్ళిపోతాయి. మధ్యలో కెమెరా బిగుసుకుపోయినా, పొరపాటున మూత తెరుచుకున్నా, ఎదురుగా ఉన్న ఒకటి రెండు ఫోటోలే పోతాయి, మిగతావి డబ్బీలో క్షేమం. నా మూడో రీలు పద్నాలుగు దగ్గర బిగుసుకుంటే అలాగే తీసి పంపాను, పదమూడూ వచ్చాయి. 35 ఎంఎం మూత ఎండలో తెరిస్తే అంత దయ ఉండదు.

కడిగించడం ఇంకో తలనొప్పి. రసాయనం అదే సీ-41, మామూలు కలర్ రీలుకి వాడేదే, కాబట్టి ఎవరైనా చేస్తారనుకున్నా. కానీ కడిగేటప్పుడు 16 ఎంఎం ఫిల్మ్‌ని చుట్టి పెట్టే చక్రం చాలా ల్యాబుల్లో ఉండదు, స్కాన్ చెయ్యడానికి హోల్డర్ ఉండదు. విజయవాడలో నేను అడిగిన నాలుగు చోట్లా లేదన్నారు, ఇద్దరైతే డబ్బీ చూసి ఆశ్చర్యపోయారు. వేరే ఊరి ల్యాబ్‌కి కొరియర్ చేశా, మొదటి ల్యాబ్ మూడు వారాలు ఉంచుకుని, మా వల్ల కాదు అని తిప్పి పంపింది. అది ముందే చెప్పి ఉంటే బాగుండేది, మే నెలలో రెండుసార్లు లారీ ఎక్కిన రీలు అది. రెండో ల్యాబ్ బాగా చేస్తోంది, ఛార్జీ 35 ఎంఎం కంటే ఎక్కువే తీసుకుంటుంది, ఇవ్వొచ్చు, ఆ పనికి అంత శ్రమ ఉంది. మీరు ఫిల్మ్ కొనకముందే ల్యాబ్‌కి ఫోన్ చేసి "110 కడుగుతారా, స్కాన్ కూడా చేస్తారా" అని రెండూ విడివిడిగా అడగండి.

ఇంత చెప్పినా కొంటామంటే, షాపులో నిలబడి కొన్ని చూసుకోండి. నేను చేసిన తప్పు ఏంటంటే ఖాళీ కెమెరాలో లివర్ నొక్కి, టక్ మని శబ్దం వచ్చింది కదా అని డబ్బులిచ్చేశా. నా కెమెరాలో లివరే షట్టర్‌ని బిగిస్తుంది, కాబట్టి ఫిల్మ్ లేకపోయినా కొడుతుంది, కొక్కెం గురించి ఏమీ తెలియదు. కొన్ని 110లు, ఇన్‌స్టమాటిక్‌ల్లాంటి 126లు ఇంకో రకం, ఫిల్మ్ చిల్లు వచ్చి కొక్కేన్ని లాగితేనే షట్టర్ బిగుస్తుంది. ఖాళీగా ఎంత నొక్కినా ఉలుకూ పలుకూ ఉండదు, చచ్చిపోయిందని మూలన పడేస్తారు. అవి చచ్చినవి కాకపోవచ్చు. రెండు రకాలకీ పరీక్ష ఒకటే: మూత తీసి, ఫోటో కిటికీ అంచున ఉన్న ఆ కొక్కేన్ని టూత్‌పిక్‌తో మెల్లగా కదిపి చూడండి. లోపలికి నొక్కి వదిలితే చటుక్కున వెనక్కి రావాలి. బద్ధకంగా వచ్చిందంటే మీ రీలులో ఖాళీలు ఖాయం. తర్వాత స్పాంజి మీద వేలు పెట్టి చూడండి. ఫోన్ టార్చ్ వేసి మూత అంచులు చూడండి. బ్యాటరీ కెమెరా అయితే ఏ బ్యాటరీయో అడగండి, ఆ కాలపు కొన్నింటికి ఇప్పుడు దొరకని సైజులు పడతాయి. పెంటాక్స్‌కి మాత్రం గడియారాల షాపులో దొరికే ఎల్ఆర్ 44 రెండు చాలు. వెలిగాక పారేసే ఫ్లాష్ క్యూబ్‌ల మీద ఆధారపడే కెమెరా అయితే రాత్రి ఫోటోలు మర్చిపోండి, ఆ క్యూబ్‌లు తయారుచెయ్యడం ఎప్పుడో మానేశారు.

మార్కులు వెయ్యమంటే 110కి ఐదుకి రెండు వేస్తాను. ఆరు రీళ్ళు, 144 జాగాలు, నా నోట్‌బుక్ లెక్క ప్రకారం చూడదగ్గవి 83. ఈ లెక్క తెలిసి కూడా ఆ 83లో కొన్ని నాకు ప్రాణం, భవానీ ద్వీపం పడవలో మా అమ్మాయి జుట్టు గాలికి ఎగురుతున్నది, తెల్లవారి గాంధీ కొండ మెట్ల మీద నాన్న. ఆ మెత్తదనం, ఆ గింజలు ఫోన్‌లో రావు, వాటికోసమే వాడుతున్నా. కానీ మళ్ళీ జరగని రోజుకి ఇది పట్టుకెళ్ళకండి. యాషికా ఎంఎఫ్-2 లాంటి సాదా 35 ఎంఎం కెమెరా సెకండ్‌హ్యాండ్‌లో దొరుకుతుంది, రీలు ఎక్కించడం నేర్చుకోవడానికి ఒక సాయంత్రం పడుతుంది, అంతే.

అక్క కూతురు ఇంకా ఆ ఫోటో అడుగుతూనే ఉంది. పోయిన ఆదివారం ఓణీ మళ్ళీ కట్టించి, అమ్మని పక్కన కూర్చోబెట్టి, వరండాలో వెలుతురు చూసుకుని తీశాను. గవర్నర్‌పేట బాబాయ్ దగ్గర తెచ్చిన యాషికాతో, ఒక్కో ఫోటో రెండేసి సార్లు. అమ్మ అక్షింతలు నిజంగానే కలిపింది. రీలు రేపు కొరియర్‌లో వెళ్తుంది.